ఎదురుచూసేదాన్ని

మైపాడుకు ఉత్తరంగా, ఉప్పుకాలువకూ సముద్రానికీ నడుమ, ఇసుక నేలలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రి ఉండేది. పురుళ్ళకు ఒక గది, జ్వరాల వాళ్ళకు ఇంకో గది, మందులిచ్చే వరండా, వెనక వంటపాక. చుట్టూ సరుగుడు తోట. యాభైల చివర్లో నేను అక్కడ నర్సుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండో ఇరవై మూడో.

మాది మనుబోలు దగ్గర వరి పండే ఊరు. పదహారో ఏట పెళ్ళయింది. ఏడాదిన్నర కాపురం చేశానో లేదో, ఆయన గూడూరు దగ్గర అభ్రకం గనిలో పనికి కుదిరి, అక్కడే ఇంకొకామెతో ఇల్లు పెట్టాడు. నన్ను పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. "మీ అన్న కాడ ఉండమనండి, నేనొచ్చి తీసుకుపోతా" అని ఒకసారి ఎవరితోనో చెప్పి పంపాడు. ఆ మాట పట్టుకుని మా అన్న ఇంట్లో కూర్చున్నాను. సాయంత్రం గూడూరు బస్సు వచ్చే వేళకు ఏదో ఒక పని పెట్టుకుని వాకిట్లోనే ఉండేదాన్ని. బస్సు దిగినవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. నేను చీపురో చేటో పట్టుకుని లోపలికి వచ్చేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళకు నన్ను పేరంటానికి పిలవాలో వద్దో తెలిసేది కాదు. కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, పక్కింటికి పోయేవాళ్ళు. అది చూడలేకే మా అన్న నన్ను నెల్లూరు పంపి పురుళ్ళు పోసే పని నేర్పించాడు. "ఆడ సముద్రం పక్కన ఆస్పత్రిలో మనిషి కావాలంట. పోతావా?" అని అడిగితే, ఎక్కడైనా ఒకటేనని వెళ్ళాను.

ఆ ఆస్పత్రిని నడిపేది స్పెయిన్ దేశపు సిస్టర్. అరవై దాటిన మనిషి, బాగా పొడుగు, రైతు చేతుల్లా పెద్ద చేతులు. 'ఆ దేశానికి వచ్చి ముప్ఫై ఏళ్ళు' అనేది. మన దేశాన్ని ఆమె ఎప్పుడూ 'ఆ దేశం' అనే అనేది, ఇక్కడే నిలబడి. ఆమెతో పాటు వచ్చిన ఇంకో స్పెయిన్ సిస్టర్ నేను రాకముందే జ్వరంతో పోయింది. సరుగుడు తోటలో ఆమె సమాధి ఉండేది. ఇక ఆస్పత్రిలో ఉన్నది నేనూ, పక్కనున్న జాలర్ల పాలెంలోనించి వచ్చి వంట చేసే అక్కా. ఆ అక్క మొగుడు, కొడుకు చేపల వేటకు పోయేవాళ్ళు.

సిస్టర్‌కు తెలుగు వచ్చు, కానీ అదంతా ఆస్పత్రి తెలుగు. ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు, నీళ్ళు కాచి తాగు, బిడ్డకు పాలివ్వు, మళ్ళీ రా. ఇంతకు మించి ఎవరూ ఆమెతో మాట్లాడేవాళ్ళు కాదు, ఆమె కూడా మాట్లాడేది కాదు. నేనూ అంతే. పాలెం వాళ్ళు నన్ను నర్సమ్మా అని మర్యాదగా పిలిచేవాళ్ళు. ఆ మర్యాద దాటి ఒక్కరూ ముందుకు వచ్చేవాళ్ళు కాదు. సాయంత్రం రోగులు వెళ్ళిపోయాక ఆమె ఒక కుర్చీలో, నేను మెట్టు మీద కూర్చునేవాళ్ళం. సముద్రం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. నాకు ఆ చప్పుడు నచ్చేది కాదు. పొలాల మధ్య పెరిగినదాన్ని, రోజంతా మోగే ఆ హోరుకు తల బరువెక్కేది. తర్వాత తెలిసింది, ఆమెకూ నచ్చదని. ఆమెది గోధుమ పండే మెట్ట ఊరు. ఓడ ఎక్కేదాకా సముద్రమే చూడలేదట.

మొదటి ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. కాలువ మీద బల్లకట్టు ఆపేశారు. రోగులు లేరు. వరండాలో సిస్టర్ ఒక్కతే ఏదో గొణుక్కుంటూ అటూ ఇటూ నడుస్తోంది. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఆమె కళ్ళలో నీళ్ళు.

"ఏమైంది సిస్టర్?"

"మా అమ్మ... రొట్టె పిండి... కలిపే చెక్క" అని చేతులతో తొట్టిలాగా చూపించింది. "దాని పేరు పోయింది. పొద్దున్నించి వెతుకుతా ఉండా. రాలేదు. నా భాష పోతా ఉంది ఇహా. ఒక్కొక్క మాట పోతా ఉంది. మాట్లాడే మనిషి లేదు."

ఇహా అంటే కూతురా అని. అది వాళ్ళ మాటే.

ఆమె కాసేపు వానకేసి చూసి, ఉన్నట్టుండి నా వైపు తిరిగి అడిగింది. "నువ్వు నేర్చుకుంటావా?"

"నేనా? ఎందుకు సిస్టర్?"

"నాతో మాట్లాడేదానికి."

ఉద్యోగం కోసం, దేశం పోవడం కోసం భాష నేర్చుకునేవాళ్ళుంటారు. ఒక మనిషికి తోడుగా మాట్లాడటం కోసం నేర్చుకోమని నన్ను అడిగింది ఆమె ఒక్కతే. సరేనన్నాను. నాకు మాత్రం ఇంకెవరున్నారు?

మందుల మోతాదు రాసి చూపించే పలక ఒకటి ఉండేది. దాని మీద మొదలుపెట్టింది. ఏ భాషకైనా ముందు 'తింటున్నాను, వెళ్తున్నాను' లాంటివి నేర్పుతారు. ఆమె మాత్రం జరిగిపోయిన కాలంతో మొదలుపెట్టింది. అందులోనూ ఒక రకం. ఇది తేలిక, ఇందులో దారి తప్పే క్రియలు మూడంటే మూడే ఉన్నాయి, మిగిలినవన్నీ చెప్పినట్టు వింటాయి అంది. ఆమె ఎంచుకున్న క్రియ ఎస్పెరార్.

"బస్సు కోసం, పడవ కోసం నిలబడి... చూస్తా, చూస్తా..." అని చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూపించింది.

"ఎదురుచూడటం."

"ఆ. అదే. ఆశ పెట్టుకోవడం కూడా ఇదే మాట. మాకు రెండిటికీ ఒకటే."

పలక మీద వరసగా రాసింది. ఎస్పెరాబా, ఎస్పెరాబాస్, ఎస్పెరాబా, ఎస్పెరాబమోస్, ఎస్పెరాబాయిస్, ఎస్పెరాబాన్. ఆ 'బ'ను పెదవులు పూర్తిగా కలపకుండా, బకూ వకూ నడుమ పలకాలి. నా నోట్లో అది అయితే బ అయ్యేది, లేకపోతే వ అయ్యేది. ఇక అర్థం చెప్పడానికి ఆమె నానా తంటాలు పడింది. ఒకసారి జరిగి అయిపోయింది కాదు. ఊరికే జరుగుతూ ఉండింది. రోజూ. ఎప్పుడు మొదలైందో చెప్పదు, ఎప్పుడు ఆగిందో చెప్పదు. ఇంగ్లీషులో చెప్పబోయి, అక్కడ దీనికి సరైన రూపం లేదని విసుక్కుంది.

నాకు నవ్వొచ్చింది. "మాకు ఉంది సిస్టర్. ఎదురుచూసేదాన్ని. ఎదురుచూసేవాడివి. ఎదురుచూసేవాడు. ఎదురుచూసేవాళ్ళం."

ఆమె నోరు తెరుచుకుని చూసింది. మళ్ళీ చెప్పమంది. వచ్చేవాడు, తినేది, పాడేవాళ్ళు అని నేను ఒక్కొక్కటే చెబుతుంటే తొడ మీద కొట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాటలు చెవిన పడుతూనే ఉన్నాయట. 'మా మొగుడు తాగేవాడు' అని ఎవరైనా చెబితే, ఒకసారి తాగాడేమోననుకుని మందిచ్చి పంపేసేదట. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు, నేను అక్కడికి వచ్చాక విన్న మొదటి నవ్వు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. 'నేను ఎదురుచూసేదాన్ని' అన్నా ఎస్పెరాబాయే, 'అతను ఎదురుచూసేవాడు' అన్నా ఎస్పెరాబాయే.

"అదెట్టా కుదురుతుంది సిస్టర్? నేనూ ఆయనా ఒకటే ఎట్టా అవుతాం?" అన్నాను. గొంతు కాస్త పెద్దదైనట్టుంది. ఆమె నన్ను పరీక్షగా చూసింది. నా సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"అనుమానం వస్తే ముందర 'యో' పెట్టుకో. యో అంటే నేను" అంది మెల్లగా. "యో ఎస్పెరాబా."

"యో ఎస్పెరాబా" అన్నాను.

అలా మొదలైన చదువు నాలుగైదేళ్ళు నడిచింది. పుస్తకం లేదు, పరీక్ష లేదు. దీపం పెట్టే వేళకు ఆమె తన ఊరి గురించి ఒక మాట చెప్పేది, నేను తప్పులతో ఒక మాట చెప్పేదాన్ని. వాళ్ళమ్మ రొట్టెలు చేసేది. వాళ్ళ నాన్న కంచర గాడిదల్ని తోలేవాడు. చలికాలం అందరూ పొయ్యి గదిలోనే పడుకునేవాళ్ళు. కోతలైన తర్వాత కళ్ళంలో పనలు పరిచి, అడుగున చెకుముకి రాళ్ళు దిగ్గొట్టిన పెద్ద చెక్కను గాడిదలతో లాగించేవాళ్ళట. బరువుకు పిల్లల్ని ఆ చెక్క మీద కూర్చోబెట్టేవాళ్ళట. త్రిల్యాబమోస్, మేం నూర్చేవాళ్ళం, అని చెప్పేటప్పుడు ఆమె కుర్చీలో కూర్చునే అటూ ఇటూ ఊగేది. మా ఊళ్ళో ఎద్దులతో తొక్కించేవాళ్ళం, నేను వెనక కర్ర పట్టుకుని నడిచేదాన్ని అని నేను చెప్పేదాన్ని. రెండు ఊళ్ళ కళ్ళాలూ ఆ ఇసుకలో పక్కపక్కన పరుచుకునేవి.

వాళ్ళ భాషలో కళ్ళాన్ని 'ఎరా' అంటారు. 'ఉండేది' అనడానికీ ఎరా అనే అంటారు. ఒకసారి 'కళ్ళం పెద్దదిగా ఉండేది' అని నా చేత గట్టిగా వల్లె వేయిస్తోంది. లా ఎరా ఎరా గ్రాందే, లా ఎరా ఎరా గ్రాందే. వంటపాకలోంచి అక్క గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఎవుర్నమ్మా అట్టా ఏరా ఏరా అని పిలస్తా ఉండారు? ఈడ మొగపిల్లోడు ఎవురుండాడు?"

మేమిద్దరం చెప్పలేక నవ్వుతుంటే, "మీకు ఎర్రి పట్టింది" అని లోపలికి పోయింది.

నవ్వుకున్న రోజులు చెబుతున్నానని అదంతా సంతోషంగా గడిచిందనుకోకూడదు. అవి ఒక్కొక్కటీ గుర్తుండిపోయేటంత తక్కువ. మిగిలిన సాయంత్రాలు ఆమె చెప్పేవాళ్ళంతా చనిపోయినవాళ్ళు. నేను చెప్పేవాళ్ళంతా నా ఊసైనా అడగనివాళ్ళు. అయినా తెలుగులో ఎవరికీ చెప్పలేని మాట ఆ భాషలో చెప్పగలిగాను. గూడూరు బస్సు సంగతి, చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూర్చోవడం సంగతి. మాటలు చాలకపోతే యో ఎస్పెరాబా అని ఆగిపోయేదాన్ని. ఆమె తల ఊపేది. జాలిపడేది కాదు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం మా అన్న వచ్చాడు. బల్లకట్టు దిగి ఇసుకలో నడిచొచ్చి, చెమట తుడుచుకుని, చెంబెడు నీళ్ళు తాగి విషయం చెప్పాడు.

"ఆ గూడూరామె చచ్చిపోయిందంట మే. కాన్పులో. ఇద్దరు పిల్లోళ్ళు ఉండారు. చూసే దిక్కులేదు. నిన్ను తీసకరమ్మని మనిషిని పంపినాడు."

"ఆయన రాలేదా?"

"ఎట్టా వస్తాడు? మొగం చెల్లొద్దా? ఇప్పుడన్నా పిలిచినాడు గదా. నీ ఇల్లు నీకొస్తా ఉంది. ఇంకేం కావాల?"

ఆ పిలుపు కోసం నేను ఎన్ని సాయంత్రాలు వాకిట్లో కూర్చున్నానో అన్నకు తెలుసు. అందుకే అంత దూరం ఆశగా వచ్చాడు. నాకు మాత్రం ఒంట్లో ఏమీ కదల్లేదు. సాయంత్రం దాకా ఆలోచించుకుంటానని చెప్పి, అన్నకు భోజనం పెట్టమని అక్కకు చెప్పి, లోపలికి వెళ్ళాను.

సిస్టర్ సూదులు మరగబెడుతోంది. సంగతి చెప్పాను. స్టవ్ ఆపి నా ఎదురుగా కూర్చుంది. అలాంటి మాట తెలుగులో అడగడం ఆమెకు రాదు. తన భాషలోనే అడిగింది.

"లో కెరీయాస్?" అతన్ని ప్రేమించేదానివా?

నిజం చెప్పాలంటే అంతకుముందు ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. తెలుగులో అడిగి ఉంటే సిగ్గుపడి లేచిపోయేదాన్ని. ఆలోచించి చెప్పాను. "లో ఎస్పెరాబా." ఆయన కోసం ఎదురుచూసేదాన్ని.

"ఇప్పుడు?"

నోరు తెరిచాను. ఆ భాషలో ఇప్పటి మాట ఎలా చెప్పాలో నాకు తెలియదు. అన్నేళ్ళలో ఆమె నాకు ఒక్క కాలమే నేర్పింది. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. ఆమె తల దించుకుని చేతులు చూసుకుంది.

"ఇప్పుడు లేదు సిస్టర్" అన్నాను తెలుగులోనే. "ఎప్పుడు మానేశానో కూడా తెలవదు. మానేసినా."

ఆమె వెళ్ళమనలేదు, ఉండమనలేదు. లేచి మళ్ళీ స్టవ్ వెలిగించింది. నేను వరండాలోకి వచ్చాను.

"అన్నా, నేను పోను."

"పసిబిడ్డలు మే. వాళ్ళేం చేసినారు?"

"వాళ్ళేమీ చెయ్యలేదు. రోగమో నొప్పో వస్తే ఈడికి తీసకరమ్మను, నా బిడ్డల్లాగే చూస్తా. ఆ ఇంటికి మాత్రం పోను."

అన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కండువా దులుపుకుని, "మన అమ్మ ఉంటే ఏమనేదో" అని మాత్రం అని లేచాడు. బల్లకట్టు దాకా సాగనంపాను. అవతలి గట్టెక్కి వెనక్కి తిరక్కుండా మైపాడు రోడ్డు పట్టుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రాలేదు. నేను చేసింది సరైందనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ సరైన పని చేసినందుకు ఊరట కలుగుతుందని ఎవరైనా అంటే నమ్మను. నన్ను తన మనిషి అనుకునేవాడు ఒకడుండేవాడు, ఆ సాయంత్రంతో అతనూ లేకుండా పోయాడు.

పిల్లల్ని ఎవరూ తీసుకురాలేదు.

ఆ మరుసటేడు మద్రాసు నుంచి జీపులో వాళ్ళ పెద్ద మదర్ వచ్చింది. ఆమెదీ స్పెయినే. సిస్టర్‌కు రెండు రోజుల ముందునించీ కాలు నిలవలేదు. అక్కతో చేపల పులుసు చేయించి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. ఎన్నాళ్ళకో తన భాష మాట్లాడే మనిషి. కానీ ఆ మదర్ చాలా వేగంగా మాట్లాడేది. సిస్టర్ రెండు మూడుసార్లు చెయ్యెత్తి ఆపి, మళ్ళీ చెప్పమని అడగడం చూశాను.

భోజనం దగ్గర మదర్ నన్ను తన భాషలో ఏదో అడిగింది. ఇక్కడేం చేస్తుంటావని అయుండాలి.

"త్రబహాబా" అన్నాను. పని చేసేదాన్ని.

"చేసేదానివా? ఇప్పుడు చెయ్యడం లేదా?"

నేను తడబడి, రోగుల్ని చూసేదాన్ని, బిడ్డలు పుట్టేవాళ్ళు, నేను ఇక్కడ ఉండేదాన్ని అని ఏవేవో చెప్పాను. మదర్ మొదట ఆశ్చర్యపోయి, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. సిస్టర్ వైపు తిరిగి ఒక మాట అంది. సిస్టర్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఆ మాటేమిటో తర్వాత సిస్టరే చెప్పింది. 'ఈ పిల్లకు నిన్నలన్నీ ఇచ్చావు, ఒక్క ఇవాళ కూడా ఇవ్వలేదా' అందట.

నవ్విన మనిషే మర్నాడు అసలు సంగతి చెప్పింది. సిస్టర్ కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. సూది మందు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇక చాలు, వాళ్ళ దేశంలో ముసలి సిస్టర్లుండే ఇంటికి వెళ్ళిపోవాలి. సిస్టర్ ఎదురు చెప్పలేదు. వాళ్ళకు ఎదురు చెప్పే అలవాటు ఉండదు. ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని నాతో తెలుగులో అంది. "నేను చెప్పినవాళ్ళంతా అక్కడ లేరు ఇహా. అమ్మ లేదు. నాన్న లేదు. కళ్ళం కూడా ఉండదేమో. ఎవరి దగ్గరికి పోతా ఉండా?"

నెల్లూరు స్టేషన్‌కు నేనూ వెళ్ళాను. మద్రాసు బండి చాలా ఆలస్యంగా వచ్చింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే. బండి ఎక్కి, కిటికీ దగ్గరికి వచ్చి, మన వాళ్ళు చెప్పినట్టే చెప్పింది.

"పోయ్యొస్తా."

మళ్ళీ వచ్చే మనిషి కాదు. వెళ్ళిపోతున్నానని చెప్పడం మన దగ్గర అశుభమని ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటారు.

"పోయ్యి రా సిస్టర్" అన్నాను.

ఆమె స్థానంలో కేరళ సిస్టర్ వచ్చింది. చురుకైనది, మంచిది. నాతో ఇంగ్లీషులో మాట్లాడేది, తెలుగు తొందరగా పట్టుకుంది. సాయంత్రాలు లోపలే ఉండి ప్రార్థన చేసుకునేది. నేను మెట్టు మీద కూర్చుని, నోట్లోనే ఏదో ఒక క్రియ తిప్పుకునేదాన్ని. బదులు చెప్పే మనిషి లేకపోతే ఏ మాటయినా కాసేపటికి చప్పుడే. రెండేళ్ళకు ఒకరోజు ఆ కేరళ సిస్టరే వరండాలోకి వచ్చి, సముద్రం వైపు చూస్తూ, మీ పాత సిస్టర్ పోయిందట అని చెప్పింది. నేను వంటపాకలోకి వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె చేప తోముతున్న చెయ్యి ఆపింది.

"ఇసకలో కూడా బూట్లేసుకునే నడిచేది మహాతల్లి. నా కోడలికి నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగితే రాత్రంతా కూసునింది. అన్నం ముద్ద చేసేది రాదు, చెంచాతో తినేది" అంటూ చెప్పుకుంటూ పోయింది. నేను ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని, చేపలు అయిపోయేదాకా విన్నాను.

అరవైల చివరికి నాకు కావలి దగ్గర గవర్నమెంటు ఆస్పత్రిలో పోస్టు వచ్చింది. రైలు కట్టకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటివాళ్ళ ముసలమ్మ మొదటి రోజే వచ్చి నా గది అంతా కలయజూసింది. ఒక ట్రంకు పెట్టె, ఒక మంచం, ఒక స్టవ్.

"ఒక్కదానివేనా అమ్మా? నీకెవురూ లేరా?"

"ఉండేవాళ్ళమ్మా" అన్నాను.

ఎవరు, ఏమయ్యారు అని ఆమె అడగలేదు. నీళ్ళు తోడుకోవడానికి బావి ఏ వేళకు ఖాళీగా ఉంటుందో చెప్పి, పాలవాడిని రేపటినించి నా గుమ్మం దగ్గర కూడా ఆగమంటానని వెళ్ళిపోయింది. నేను తలుపు దగ్గరగా వేసి, అన్నానికి ఎసరు పెట్టుకున్నాను. ఒక మనిషికి ఎన్ని గింజలు పోయాలో అప్పటికి చేతికి అలవాటైపోయింది.